బండి తీసుకుపోయేటప్పుడు కాగితం ఇవ్వండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పోలీసు, రవాణా, పురపాలక శాఖల అధికారులకు,

నమస్కారాలు.

నేను నెల్లూరులో ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. పోలీసుల అదుపులో ఉన్న వాహనాలను తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటు కోర్టుల్లో వేసే పిటిషన్లకు కాగితాలు సిద్ధం చేయడం, జామీనుదారులను పిలిపించడం, ఉత్తర్వు వచ్చాక దాన్ని స్టేషనుకు చేర్చడం నా రోజువారీ పని. నో పార్కింగులో క్రేను మీద ఎత్తుకుపోయిన బండ్ల వ్యవహారం సాధారణంగా కోర్టు దాకా రాదు. బండి కావలసినవాడు అడిగినంత కట్టి తీసుకుపోతాడు. అయినా, కట్టిన డబ్బుకు రసీదు లేక, అది జరిమానానో క్రేను కిరాయో తెలియక, ఎవరిని అడగాలో తోచక మా ఆఫీసు మెట్లెక్కేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఆసుపత్రి పని మీదో, బజారు పని మీదో పల్లెల నుంచి పట్నం వచ్చినవారు.

వారి ఇబ్బందులన్నీ రాసి, సోమవారం అర్జీలు తీసుకునే రోజున సంబంధిత అధికారులకు అర్జీ ఇచ్చాను. అది ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి వెళ్ళి, చివరకు పరిష్కారమైనట్టు నా ఫోనుకు సందేశం వచ్చింది. ఏమి పరిష్కరించారో అందులో లేదు. టోయింగ్ రుసుము, అంటే బండిని క్రేనుతో ఎత్తుకుపోయినందుకు తీసుకునే కిరాయి, ఎంత, దాన్ని నిర్ణయించిన ఉత్తర్వు ఏది అని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. చట్టం ఇచ్చిన 30 రోజుల గడువు దాటిపోయింది, జవాబు రాలేదు. అందువల్ల ఇదే విషయాన్ని ఇప్పుడు అందరి ఎదుట మీ ముందు పెడుతున్నాను.

టోయింగే వద్దని నేను అనడం లేదు. నెల్లూరు పొగతోటలో వీధికి రెండువైపులా ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులే. అక్కడ రెండు కార్లు అడ్డంగా నిలిస్తే అంబులెన్సు లోపలికి రాలేదు, లోపలికి వచ్చినది బయటికి పోలేదు. ట్రంకు రోడ్డు మీదా, ఒంగోలు కర్నూలు రోడ్డు మీదా సాయంత్రం వేళ ఒక్క బండి అడ్డం పడితే ఎన్ని వందలమంది ఆగిపోతారో ఎండలో నిలబడి చేయి చూపే కానిస్టేబుల్‌కే బాగా తెలుసు. అడ్డంగా పెట్టిన బండిని తీయవలసిందే, పెట్టినవాడు జరిమానా కట్టవలసిందే. నా అభ్యంతరం ఆ తర్వాత జరిగే దాని గురించి. చట్టం విధించిన జరిమానా ఒకటైతే, బండి చేతికి రాకపోవడం వల్ల పడే శిక్ష వేరొకటి. ఈ రెండో శిక్షకు పరిమితీ లేదు, కాగితమూ లేదు. అది పాత బండి మీద బతికేవాడికే అందరికన్నా ఎక్కువగా తగులుతోంది.

1. ముందుగా క్రేను కిరాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో 10 గంటలు గానీ అంతకు మించి గానీ వదిలేసిన వాహనాన్నైనా, పార్కింగును చట్టరీత్యా నిషేధించిన చోట నిలిపిన వాహనాన్నైనా తొలగించడానికి, లేదా చక్రానికి తాళం వేయడానికి, ఆ ప్రాంతంపై అధికారం ఉండి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఇవ్వవచ్చు. తొలగించిన ఖర్చు యజమానే భరించాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి కిరాయి అడగడం తప్పు కాదు. కానీ చట్టం చెప్పిన ఖర్చు నిజంగా అయిన ఖర్చు. ఉదయం ఒక అంకె, సాయంత్రం ఒక అంకె, బతిమాలినవాడికి ఒకటి, ఎదురు మాట్లాడినవాడికి ఇంకొకటి చెబితే అది ఖర్చు అనిపించుకోదు.

రాకపోకలకు అడ్డంగా వాహనం నిలిపినందుకు 201వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత కూడా, జరిమానా 500 రూపాయలకు మించదు. నా దగ్గరకు వచ్చినవారిలో కొందరు, ఎత్తుకుపోయిన బండ్లు ఉంచే యార్డులో నగదు కట్టి బండి తెచ్చుకున్నారు, రసీదు అడిగితే లేదన్నారు, ఆ తర్వాత అదే తేదీ వేసిన ఈ-చలానా ఫోనుకు వచ్చింది. అప్పుడు యార్డులో కట్టినది ఏ పద్దు కింద పోయినట్టు? అది క్రేను కిరాయే అయితే ఆ మాట రాసి ఇవ్వడానికి ఇబ్బంది ఏమిటి? క్రేనుతో వచ్చే ప్రైవేటు మనుషుల పక్కన యూనిఫాంలో ఉన్న అధికారి లేని సందర్భాలూ నాకు చెప్పారు. అధికారి లేకుండా బండి మీద చేయి వేయడానికి 127వ సెక్షన్‌లో చోటు లేదు.

కనుక టూవీలరుకు, ఆటోకు, కారుకు, సరుకు బండికి వేరువేరుగా కిరాయి నిర్ణయిస్తూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఆ పట్టికను క్రేను మీదే పెద్ద అక్షరాలతో రాయించాలి. జరిమానాకు ఒక రసీదు, కిరాయికి ఒక రసీదు ఇవ్వాలి. ఎత్తకముందు బండి ఉన్న స్థితిలో తేదీ, సమయం పడేలా ఫోటో తీయాలి. యజమాని బండి ఎత్తకముందే వచ్చేస్తే జరిమానా రాసి బండి వదిలేయాలి, కిరాయి అడగకూడదు.

2. బండి ఎక్కడికి పోయిందో చెప్పడం గురించి. పెట్టిన చోట బండి కనిపించకపోతే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన దొంగలు కొట్టేశారనే. పక్క షాపువాళ్ళను అడగాలి, ఏ స్టేషనో కనుక్కోవాలి, అక్కడ లేదంటే ఇంకోచోటికి వెళ్ళాలి. డాక్టరుకు చూపించిన పిల్లను చంకన వేసుకుని, చేతిలో మందుల సంచితో, ఇందుకూరుపేట వైపు చివరి బస్సు పోయే వేళకు ఒక తల్లి ఇలా తిరగవలసి వస్తే ఆ భయానికి ఏ రసీదూ ఉండదు. రిజిస్ట్రేషన్ నంబరు కొడితే యజమాని ఫోను నంబరు కనిపించే వ్యవస్థ రవాణా శాఖ దగ్గర ఉంది. చలానాకు పంపగలిగిన సందేశం బండి ఎత్తినప్పుడు కూడా పంపవచ్చు. ఫోను లేనివారి కోసం ఆ చోటనే గోడ మీద యార్డు చిరునామా, ఫోను నంబరు రాయించాలి. యార్డు రాత్రి కూడా తెరిచి ఉండాలి.

3. బండి మీద ఉన్న సరుకు. ఒక పట్టణంలో జరిగినది చెబుతాను. ఆ ఊరు, స్టేషను ప్రస్తావించను. తెల్లవారుజామున సముద్రం ఒడ్డు ఊరి నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే తల్లీకొడుకులు. ఎక్సెల్ బండి వెనక రబ్బరు ట్యూబుతో కట్టిన థర్మోకోల్ పెట్టె, దానిలో ఐసు, ఐసు మధ్య కానాగంతలు, కవళ్ళు. ఒక మెస్సు వంటగదిలో చేపలు తూచి ఇచ్చి బయటికి వచ్చేసరికి బండి లేదు. కనుక్కుని యార్డుకు పోయేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ చెప్పిన మొత్తం పొద్దుటి అమ్మకంలో రాలేదు. తెలిసినవారి దగ్గర సర్దుకుని మళ్ళీ వచ్చేసరికి సాయంత్రం. పెట్టె కట్టు కట్టినట్టే ఉంది, అడుగున ఉన్న కన్నం నుంచి ఐసు నీరు కారి సిమెంటు మీద మరక కట్టింది. మూత తీస్తే చేపల పొట్టలు మెత్తబడి ఉన్నాయి. ఆ సరుకు అప్పు మీద తెచ్చినది. కట్టవలసింది కట్టి, చేపలు పారబోసి, దళారి బాకీ నెత్తిన పెట్టుకుని ఊరికి పోయారు.

ఆ తల్లి మా ఆఫీసుకు వచ్చి డబ్బు వాపసు ఇప్పించమని అడగలేదు. "చేపలన్నా దించుకోమని ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది గదా సార్" అంది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు, మీ దగ్గర ఉందేమోనని ఇక్కడ రాస్తున్నాను. పాలు, పూలు, కూరగాయలు, చేపలు, వండిన టిఫిను లాంటి పాడయ్యే సరుకుతో ఉన్న బండిని ఎత్తకుండా చక్రానికి తాళం వేసి జరిమానా రాయవచ్చు. తాళం వేసే అధికారం 127వ సెక్షనే ఇచ్చింది. ఎత్తక తప్పని పరిస్థితిలో, యజమాని యార్డుకు రాగానే బండి వ్యవహారం తేలేదాకా ఆగకుండా సరుకు మాత్రం దించుకోనివ్వాలి. బండిలో ఉన్న వస్తువులను రాసుకుని సంతకం పెట్టించుకోవాలి.

4. పార్కింగు స్థలం. ఇది పురపాలక అధికారులకు. వాహనాలు నిలిపే చోట్లను స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించవచ్చని 117వ సెక్షన్ చెబుతోంది. వాణిజ్య భవనాలు పార్కింగు స్థలం వదలాలని ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళి 2017 చెబుతోంది. ప్లానులో పార్కింగు అని చూపించిన సెల్లారులో ల్యాబు నడుస్తుంటే, గోదాము పెడితే, ఆ భవనానికి వచ్చినవారు రోడ్డు మీద కాక ఎక్కడ పెడతారు? సెల్లారు మూసుకున్న యజమానికి నోటీసు పోయిందో లేదో తెలియదు కానీ, రోడ్డు మీద పెట్టిన రోగి బంధువు బండి మాత్రం అదే రోజు పోతోంది. సెల్లార్లు ఖాళీ చేయించండి. నో పార్కింగు బోర్డు ఫ్లెక్సీల వెనక, చెట్టుకొమ్మల్లో దాగి ఉన్న చోట, బోర్డు కనబడేలా చేసేదాకా బండి ఎత్తకండి.

5. రోడ్డు మీద ఆపి స్వాధీనం చేసుకునే బండ్లు. ఇది టోయింగ్ కన్నా బరువైన విషయం. 207వ సెక్షన్ కింద వాహనాన్ని స్వాధీనం చేసుకోగల కారణాలు చట్టంలో లెక్కపెట్టి ఉన్నాయి. లైసెన్సు లేకపోవడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా పర్మిట్ షరతులు మీరడం. ఆ సెక్షన్‌లో హెల్మెట్ మాట లేదు, పాత చలానా మాట లేదు. హెల్మెట్ లేకపోతే 194డి సెక్షన్ కింద 1,000 రూపాయల జరిమానా, 3 నెలలు లైసెన్సుకు అనర్హత ఉన్నాయి, అవి విధించండి. అంతకు మించి, 207వ సెక్షన్‌లోనే ఇంకొక వెసులుబాటు ఉంది. లైసెన్సు, వయసు, పర్మిట్ విషయాల్లో వాహనానికి బదులుగా దాని రిజిస్ట్రేషన్ పత్రాన్ని, అంటే మనం సి బుక్కు అనుకునే దాన్ని తీసుకుని, ముట్టినట్టు రాసి ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెబుతోంది. లైసెన్సు రెన్యువల్ చేయించుకోని ఆటో డ్రైవరు విషయంలో ఈ ఒక్క వాక్యాన్ని అమలుచేస్తే, లైసెన్సు ఉన్న అతని తమ్ముడో బావమరిదో ఆ ఆటోను నడిపి ఇల్లు గడుపుతాడు. ఆటో స్టేషన్లో ఉంటే ఆ రోజు కిరాయి ఉండదు, ఫైనాన్సు కంతు మాత్రం ఆగదు. కంతు తప్పిన ఆటోను స్టేషను వదిలినా ఫైనాన్సువారు వదలరు.

స్వాధీనం చేసుకున్న ప్రతి వాహనానికీ, ఏ సెక్షన్ కింద, ఏ అధికారి, ఏ సమయంలో, ఎందుకు తీసుకున్నారో రాసిన కాగితం అక్కడికక్కడే ఇవ్వాలి. 207 కాక మరొక నిబంధన కింద తీసుకుంటే దాని సంఖ్య వేయాలి. ఆ కాగితం లేనిదే యజమాని ఎవరి దగ్గరకు పోయి ఏమని అడగాలో మాకే తెలియడం లేదు, చదువురాని మనిషికి ఎలా తెలుస్తుంది? లైసెన్సు, సి బుక్కు డిజిలాకరులో చూపితే ఒప్పుకోవాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 2018లోనే చేర్చారు. ఫోనులో చూపినా అసలు కాగితం తెమ్మని బండి ఆపడం మానాలి.

6. ప్రమాదాల్లో, కేసుల్లో ఉన్న వాహనాలు. నా పనిలో ఎక్కువ భాగం వీటిదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ప్రమాదం జరిగిన వాహనాన్ని తనిఖీ కోసం తరలిస్తే, ఎక్కడికి తరలించారో యజమానికి తెలపాలని, లాంఛనాలు పూర్తయ్యాక 24 గంటల్లోగా తిరిగి ఇవ్వాలని 136వ సెక్షన్ చెబుతోంది. ఆచరణలో బ్రేక్ ఇన్‌స్పెక్టరు, అంటే వాహనాన్ని తనిఖీ చేసే రవాణా శాఖ అధికారి, వచ్చేదాకా ఒక ఎదురుచూపు, ఆయన నివేదిక స్టేషనుకు చేరేదాకా ఇంకొకటి, పిటిషన్ వేశాక దానికి పోలీసు నివేదిక కోర్టుకు వచ్చేదాకా మరొకటి. ఇన్సూరెన్సు లేని వాహనం సంగతి వేరు. దెబ్బతిన్నవారి పరిహారానికి భరోసా లేకుండా దాన్ని వదలమని నేను అడగను. అన్నీ సక్రమంగా ఉన్న వాహనం గురించే నా మాట.

స్వాధీనం చేసుకున్న వాహనాలను ఏళ్ళ తరబడి స్టేషన్లలో ఉంచడం వల్ల ప్రయోజనం లేదని, తగిన బాండు, పూచీకత్తు తీసుకుని మేజిస్ట్రేటు వెంటనే ఉత్తర్వు ఇవ్వాలని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 15 రోజుల నుంచి నెలకు మించి వస్తువులు స్టేషన్లో ఉండకూడదన్నది అందులోని మాటే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 497వ సెక్షన్, కోర్టు 14 రోజుల్లో వస్తువు వివరాల పట్టిక తయారుచేసి, ఫోటో లేదా వీడియో తీయించి, ఆ తర్వాత 30 రోజుల్లో దాన్ని ఏం చేయాలో తేల్చాలని చెబుతోంది. సాక్ష్యానికి ఫోటో చాలని చట్టమే ఒప్పుకున్నాక, ఇనుము ఎండలో ఉండవలసిన అవసరం ఏముంది?

మా జిల్లాల్లో ఎండ ఒక్కటే కాదు. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2015 నవంబరులో, 2021 నవంబరులో ఏ స్థాయిలో నీళ్ళు వచ్చాయో ఎవరూ మరిచిపోలేదు. అంత వాన పడని ఏడాదిలోనూ, ఆరుబయట ఒకదాని మీద ఒకటి ఆనించిన బండ్లు సముద్రపు గాలికి తుప్పు పడతాయి, సీటు చిరిగి స్పంజి నీళ్ళు పీలుస్తుంది, బ్యాటరీ చస్తుంది, టైరు నేలకు ఆనిన చోట పగులుతుంది. కోర్టు ఉత్తర్వు పట్టుకుని వెళ్ళిన యజమాని బండిని నడుపుకుంటూ రాడు, ట్రాలీ ఆటోలో వేసుకుని మెకానిక్కు దగ్గరకు తెస్తాడు. మరమ్మతు ఖర్చు బండి విలువను దాటితే పాత ఇనుము వాడికి అమ్ముతాడు. స్వాధీనం చేసుకున్న వాహనానికి తాత్కాలికంగా భద్రమైన రక్షణ ఏర్పాటు చేయాలని మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్‌లో ఉంది. కనీసం రేకుల షెడ్డు వేయించాలి. బండి తీసుకున్న రోజు ఉన్న స్థితి, అప్పగించిన రోజు ఉన్న స్థితి రెండూ కాగితం మీద ఉండాలి.

7. సెకండ్‌హ్యాండ్ బండ్లు. బండి అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని అదే చట్టంలో 50వ సెక్షన్ ఉంది. చాలామంది సంతకం పెట్టిన కాగితాలు తీసుకుని అక్కడితో ఊరుకుంటారు. అది కొన్నవారి తప్పే. కానీ దాని ఫలితం, అలాంటి బండి స్టేషనుకు చేరాక, కాగితాల్లో యజమానిగా నమోదైనవాడు ఊరు విడిచి పోయినా, చనిపోయినా, ఆ బండి బయటికి రావడం కష్టం. స్టేషన్ల ఆవరణల్లో మిగిలిపోతున్న పాత ఎక్సెల్‌లు, స్ప్లెండర్‌లలో ఇలాంటివి తక్కువేమీ కావు. రవాణా శాఖవారు వీటి కోసం ప్రత్యేకంగా పేరు మార్పిడి శిబిరం పెట్టి, అమ్మిన కాగితాలు, ఇన్సూరెన్సు, గ్రామ సచివాలయం విచారణ ఆధారంగా దారి చూపాలని కోరుతున్నాను. ఎవరూ రాని బండ్లకు చట్టప్రకారం ప్రకటన ఇచ్చి, 6 నెలల గడువు చూసి వేలం వేయండి. ఆ ప్రకటన యజమాని ఊరి సచివాలయంలో కూడా అంటించండి.

పైన అడిగినవాటిలో షెడ్డు, సెల్లార్ల విషయాలు తప్ప మిగతావాటికి పెద్దగా డబ్బు ఖర్చు కాదు, కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా పోలీసు అధికారి ఒక మెమో ఇస్తే రసీదు, ఫోటో, సందేశం, సరుకు దించుకోవడం, సి బుక్కు తీసుకుని బండి వదలడం రేపటి నుంచే అమలవుతాయి. పురపాలక కమిషనర్లు కిరాయి పట్టిక ప్రకటించవచ్చు. ఉప రవాణా కమిషనర్లు ప్రమాద వాహనాల తనిఖీకి గడువు పెట్టవచ్చు. ఈ మూడు శాఖలవారు ఆటో యూనియన్లను, వీధి వ్యాపారులను, న్యాయవాదులను ఒకచోట కూర్చోబెట్టి నెల రోజుల్లోగా సమావేశం జరపాలని, ప్రస్తుతం వసూలు చేస్తున్న రుసుముకు ఆధారమైన ఉత్తర్వు ప్రతిని ఆ సమావేశంలో బయటపెట్టాలని కోరుతున్నాను. అలాంటి ఉత్తర్వే లేకపోతే, అది వచ్చేదాకా క్రేను కిరాయి వసూలు నిలిపివేసి, చట్టంలో ఉన్న జరిమానా మాత్రమే తీసుకోవాలి.

నా దగ్గరకు వచ్చినవారిలో అంగీకరించినవారి వివరాలు, వారు కట్టిన మొత్తాలు, తేదీలు రాసి ఉంచాను. వాటిని ఈ లేఖలో పెట్టడం లేదు, విచారణకు నియమించిన అధికారికి అందజేస్తాను. వివరాలు ఇచ్చినందుకు వారిలో ఎవరి బండినీ మళ్ళీ ఆపబోమని ఆ అధికారి నుంచి రాతపూర్వక హామీ మాత్రం ముందుగా కావాలి.

ఇట్లు
భవదీయుడు,
ఒక వకీలు గుమాస్తా,
నెల్లూరు